ఇంటిలోని ఏకాంతము

ఏకాంతము రెండు విధములు. తలుపులు మూసినపుడు కలుగునది ఒకటి. తలుపులు తెరచియున్నను, చుట్టును తనవారున్నను కలుగునది మరియొకటి. రెండవది మిక్కిలి దుస్సహము.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినపుడు ఉద్దానమున కొబ్బరి, జీడి తోటలు నేలకూలెను. విద్యుత్తు లేక గ్రామములు చీకటిలో మునిగెను. అయినను ఆ కష్టము అందరిదీ గనుక ఒకరి బాధ ఒకరికి చెప్పకయే తెలిసెను. 2020 మార్చి 25 నుండి లాక్‌డౌన్ కుటుంబములను ఒకే కప్పు క్రింద చేర్చెను. కాని కలసియుండుట వేరు, ఒకరి మనస్సు నొకరు ఎరుగుట వేరు.

ఈ రెండింటికి ముందును, తరువాతను ఉద్దానమున తొలగని ఏకాంతమొకటి కలదు. అది మూత్రపిండముల వ్యాధి సోకినవారిది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో ఈ వ్యాధి ఎన్నో గృహములను తాకినది. మూలకారణము ఇంకను నిశ్చయముగా తేలలేదు. వ్యాధి ముదిరినవారికి సాధారణముగా వారమునకు రెండు మూడు పర్యాయములు, ప్రతిసారి సుమారు నాలుగు గంటలు డయాలిసిస్ తప్పదు. లోకమంతయు ఆగిన దినములలోను అది ఆగరాదు. త్రాగు నీటికి కొలత, ఉప్పునకు కొలత. కొబ్బరినీటిలో పొటాషియము అధికమగుటచే అది వారి గుండెకు ముప్పు. తాను నాటి పెంచిన చెట్టు బోండము తానే త్రాగరాదు!

అట్టివారిని చూచి నిట్టూర్చుట జాలి. జాలి గడప వెలుపల నిలచి చూచును. ఇంటిల్లిపాదియు ఉప్పు తగ్గించి భుజించుట, ఆయన యెదుట బోండము కొట్టకుండుట సహానుభూతి. అంతతో చాలదు. తోట బేరమైనను, బిడ్డ పెండ్లియైనను మునుపటివలెనే ఆయన ఆలోచన అడుగవలెను. అడుగుట మానిననాడే ఆయన ఆ ఇంట ఒంటరియగును.

మరి సేవచేయు ఇల్లాలి మాటయేమి? ఆమె అలసట నెవరడుగుదురు? సహానుభూతి ఒక్కరి వంతే అయినచో అది ధర్మము కాదు, బరువు. బసవేశ్వరుడు దయను ధర్మమునకు మూలముగా బోధించెను. దాసోహమనగా వచ్చినవారికి అన్నమిడుట మాత్రమే కాదు, ఇంటిలోనివారి భారమును పంచుకొనుటయు దాసోహమే.

2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రము, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యెను. యంత్రము రక్తమును శుద్ధిచేయగలదు. “నేడు నీ కెట్లున్నది?” అని ప్రక్కన కూర్చుండి అడుగుట మాత్రము ఇంటివారి పని. ఈ రాత్రి భోజనమునకు ముందు మన యింట ఆ ప్రశ్న ఎవరి నడుగవలసియున్నదో యోచింతము.