ఆకలిని అణచే ఔషధం: నింద, సమ్మతి, నైతికత

తెలుగులో ‘తిండిపోతు’ అన్న మాట ఒక మనిషి ఎంత తింటాడో చెప్పడంతో ఆగదు. అతని స్వభావంపై తీర్పు కూడా చెబుతుంది. ‘ఊబకాయం’ దేహస్థితిని తెలిపే పదం. వ్యవహారంలో ఈ రెండూ కలిసిపోవడం వల్ల దేహం బరువు శీలానికి కొలమానమైంది. స్థూలకాయానికి వైద్యులు రాసే, ఆకలిని తగ్గించే మందుల గురించిన చర్చను ఈ కలగలుపే తప్పుదారి పట్టిస్తున్నది. ఆ మందుల మంచిచెడ్డలతో పాటు, వాటిని ఎంచుకొనే మనిషి ఎంత స్వేచ్ఛగా ఎంచుకొంటున్నాడన్న ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చరకసంహిత సూత్రస్థానంలోని 21వ అధ్యాయం ఎనిమిది విధాల నిందితులను పేర్కొని, వారిలో అతిస్థూలుని, అతికృశుని ప్రత్యేకంగా వివరిస్తుంది. నిందితుడన్న పేరు పెట్టిన ఆ అధ్యాయమే స్థూలుని ఆకలికి దేహంలో కారణం చూపడం గమనార్హం. మేదస్సు మార్గాలను కప్పివేయగా వాయువు కోష్ఠంలో సంచరిస్తూ జఠరాగ్నిని రగిలిస్తుందని దాని వివరణ. స్థౌల్యానికి అతిభోజనం, వ్యాయామలోపంతో పాటు బీజస్వభావాన్ని కూడా అది హేతువుగా చెప్పింది. ఆధునిక శరీరశాస్త్రం పరిభాష వేరు. బరువు తగ్గినవారిలో లెప్టిన్ తగ్గి, ఆకలిని పెంచే గ్రెలిన్ పెరుగుతుందని అది చెబుతుంది. ఈ రెండు వివరణలూ ఒకటి కావు. అయితే ఆకలి పూర్తిగా సంకల్పానికి లోబడినది కాదన్న విషయంలో అవి ఏకీభవిస్తాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం అధిక బరువు లేదా స్థూలకాయం గలవారు. ఇంతమందికి ఒకేసారి నిగ్రహం లోపించిందనడం హేతుబద్ధం కాదు.

మందుతో అలవడిన మితాహారం సంయమం కాదన్నది ఒక ఆక్షేపణ. ఇందులో సత్యం లేకపోలేదు. ఆకలి ఉండీ తినకపోవడమే ఉపవాసం. ఆకలి లేక తినకపోవడం ఉపవాసం అనిపించుకోదు. కానీ చికిత్స వ్రతం కాదు. పుట్టుకతో తక్కువ ఆకలి గలవాని మితభోజనాన్ని ఎవరూ తపస్సుగా పరిగణించరు. ప్రకృతి ఇచ్చిన అల్పాకలి సుగుణం కానప్పుడు, మందు ఇచ్చిన అల్పాకలి దోషమూ కాజాలదు.

అసలు నైతిక సమస్య ప్రమాదాన్ని అంగీకరించే తీరులో ఉంది. 1990లలో అమెరికాలో ఫెన్‌ఫ్లూరమిన్, ఫెంటెర్మిన్ మందులను కలిపి విరివిగా వాడారు. విడివిడిగా అనుమతి ఉన్న ఈ రెండింటి కలయికకు ప్రత్యేక అనుమతి లేదు. వీటిని వాడిన 24 మంది మహిళల్లో గుండె కవాటాల వ్యాధిని గుర్తించినట్లు 1997 జూలైలో మేయో క్లినిక్ వైద్యులు వెల్లడించారు. సెప్టెంబరులో ఫెన్‌ఫ్లూరమిన్‌ను మార్కెట్టు నుంచి ఉపసంహరించారు. 2006లో ఐరోపాలో అనుమతి పొందిన రిమోనబాంట్‌ను మానసిక దుష్ప్రభావాల కారణంగా 2008లో నిలిపివేశారు. సిబుట్రమిన్ అమెరికాలో 2010లోను, భారతదేశంలో 2011లోను వాడుక నుంచి తొలగిపోయింది.

ఈ చరిత్రను బట్టి కొత్త మందులనూ తోసిపుచ్చడం న్యాయం కాదు. 2021లో వెలువడిన ఒక పరిశోధనలో, ఆహార వ్యాయామ సలహాలతో పాటు 68 వారాలు సెమాగ్లుటైడ్ వాడినవారి బరువు సగటున సుమారు 15 శాతం తగ్గింది. అవే సలహాలతో ఉత్తుత్తి మందు తీసుకొన్నవారిలో తగ్గుదల 2.4 శాతమే. మధుమేహం లేకుండా, హృద్రోగం, అధిక బరువు ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం, హృద్రోగ మరణాలు మొత్తం మీద 20 శాతం తగ్గినట్లు 2023 నాటి మరో పరిశోధన చూపింది. మరోవైపు వికారం, వాంతులు, పిత్తాశయ సమస్యలు, అరుదుగా క్లోమశోథ కలగవచ్చు. కొవ్వుతో పాటు కండరమూ కొంత తరుగుతుంది. మందు మానిన ఏడాదికి తగ్గిన బరువులో సుమారు మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్లు కూడా తేలింది. కాబట్టి కొన్నాళ్లు వాడి మానేస్తే చాలునన్న భావన రోగిని మోసగిస్తుంది. దీర్ఘకాలపు వాడకం, దాని ఖర్చు ముందే తెలియకపోతే ఆ సమ్మతి సంపూర్ణం కాదు.

హృద్రోగి విషయంలో మందు ప్రమాదాన్ని వ్యాధి ప్రమాదంతో తూచవచ్చు. వైద్యకారణమేదీ లేకుండా, పెళ్లిచూపుల నాటికి సన్నబడాలని మందు కోరే యువతి విషయంలో తక్కెడ రెండో పళ్లెంలో వ్యాధి లేదు. ఇతరుల చూపు మాత్రమే ఉంది. నిందకు భయపడినవారికి ఎంతటి ప్రమాదమైనా చిన్నదిగానే కనిపిస్తుంది. పైగా లావుగా ఉన్నందుకు నిందించిన సమాజమే, మందు వాడితే అడ్డదారి తొక్కారని మళ్లీ నిందిస్తుంది.

వైద్యుడు లాభనష్టాలను వివరించగలడు కాని, ఈ నింద బరువును ఒక్కడే దించలేడు. ఆ బాధ్యత భాషను వాడే అందరిదీ. దేహస్థితిని తెలిపే పదాన్ని శీలంపై తీర్పు చెప్పే పదం నుంచి వేరు చేసినప్పుడే, మందు తీసుకోవడమైనా నిరాకరించడమైనా ఆ మనిషి స్వంత నిర్ణయమవుతుంది.