ఎరుగనివాని చేతి పని

ధ్యానభాగములు: యెషయా 45:1–7, మత్తయి 21:28–32



దేవుని నమ్ముచున్నానని చెప్పలేని మనుష్యుడు దేవుని మందిరమునకు సేవ చేయగలడా? చేసినయెడల సంఘము దానిని పుచ్చుకొనవచ్చునా? ఈ ప్రశ్న మాకు వాదములో పుట్టలేదు. ఒక సంగీతపు రికార్డు వినుచుండగా పుట్టినది.

ఆ రికార్డు 1962లో లండను నగరమందలి టెంపుల్ చర్చిలో తీయబడెను. 1185లో ప్రతిష్ఠింపబడిన ఆ ప్రాచీన మందిరము, 1941 మే నెలలో శత్రు విమానములు వేసిన బాంబులచేత కాలిపోయి, యుద్ధానంతరము బాగుచేయబడినది. సర్ జాన్ బార్బిరోలీ అను నాయకుడు తన వాద్యకారులను ఆ రాతి గోడల మధ్య కూర్చుండబెట్టి దీనిని వాయింపజేసెను. ఇందులో పాడువారు ఎవరును లేరు. ఫిడేలును, దాని జాతికి చెందిన పెద్ద తంత్రీవాద్యములును మాత్రమే ఉన్నవి. వాయించువారు మూడు విధములుగా ఏర్పరచబడిరి: ఒక పెద్ద సమూహము, తొమ్మండుగురు గల చిన్న సమూహము, ఒంటరిగా వాయించు నలుగురు. పెద్ద సమూహము ఒక మాట పలుకగా చిన్న సమూహము దూరమునుండి మెల్లగా బదులు పలుకును. మందిరములో సంఘము పాడుచుండగా పొలములో నున్నవారు విని అందుకొన్నట్లుండును. పావుగంటకు పైగా సాగు ఈ వాద్యములో ఒక్క మాటయైనను లేదు. అయినను వినినప్పుడు మేము ప్రార్థనలో నున్నట్లే కూర్చుంటిమి.

దీనిని కూర్చినవాడు వాన్ విలియమ్స్ అను ఆంగ్లేయుడు. 1910 సెప్టెంబరు 6న గ్లాస్టర్ కెథడ్రల్‌లో ఆయనయే నాయకత్వము వహించి దీనిని మొదటిసారి వినిపించెను. అయితే దీనిలోని మూలరాగము ఆయనది కాదు. 1567లో ఆర్చిబిషప్పు పార్కరు కీర్తనల గ్రంథమును పద్యములుగా వ్రాసినప్పుడు, థామస్ టాలిస్ అను సంగీతకారుడు ఆ పుస్తకమునకు తొమ్మిది రాగములు కట్టి ఇచ్చెను. వాటిలో మూడవది, రెండవ కీర్తనకు కట్టినది, ఈ రాగము. అన్యజనుల అల్లరిని గూర్చియు, భూరాజుల గర్వమును గూర్చియు చెప్పు కీర్తన అది.

మూడు వందల ఏండ్లు దాటిన రాగము వాన్ విలియమ్స్ చేతికి ఎట్లు వచ్చెను? 1904లో పెర్సీ డియర్మర్ అను పాదిరి ఆయనయొద్దకు వచ్చి, సంఘారాధనకు ఒక క్రొత్త కీర్తనల పుస్తకము సిద్ధపరచుచున్నాము, దాని రాగములు మీరు చూడవలెనని అడిగెను. రెండు నెలల పని అనుకొనినది రెండేండ్లు పట్టెను. ఆయన పాత పుస్తకములు వెదకి మరుగుపడిన రాగములను బయటికి తీసెను. టాలిస్ రాగము వాటిలో ఒకటి. అంతేకాదు, ఆ యేండ్లలో ఆయన పల్లెలు తిరిగి, బీదవారు నోటితో పాడుకొను పాటలను విని వ్రాసికొనుచుండెను. 1903లో సర్రే సీమలోని ఫారెస్టు గ్రీన్ అను పల్లెలో వినిన ఒక దుక్కి కుర్రవాని పాట రాగమును, బేత్లెహేము ఊరిని గూర్చిన క్రిస్మసు కీర్తనకు కట్టెను. అరకవాని రాగముతో నేటికిని ఆ దేశపు సంఘములు రక్షకుని జననమును పాడుచున్నవి. ఆ పుస్తకము 1906లో వెలువడెను. సంఘమునకు మంచి రాగము ఎంచుట సంగీత విషయము మాత్రమే కాదు, నీతి విషయమని ఆయన దాని ముందుమాటలో వ్రాసెను.

ఇంత చేసినవాడు విశ్వాసియా? కాడు. ఆయన తండ్రి పాదిరియే గాని కుమారుడు మూడేండ్లవాడు కాకమునుపే చనిపోయెను. చదువుకొను దినములలో వాన్ విలియమ్స్ నాస్తికుడాయెను. తరువాత ఆ పట్టు సడలి, దేవుని విషయము నిశ్చయముగా నేమియు చెప్పలేని వారిలో ఒకడై, 1958లో మరణించువరకు అట్లే ఉండెను.

ఇట్టివాని గూర్చి మనలో రెండు తొందరపాటు తీర్పులు బయలుదేరును. మొదటిది: విశ్వాసము లేనివాని పని మనకెందుకు అనునది. అట్లయిన సొలొమోను మందిరమును ఏమందుము? లెబానోను దేవదారు మ్రానులు నరికినవారు సీదోనీయులు. చెరలోనుండి ఇశ్రాయేలీయులను విడిపించి యెరూషలేములో మందిరము కట్టుడని పంపినవాడు కోరెషు. నీవు నన్ను ఎరుగకుండినను నిన్ను పేరుపెట్టి పిలిచితినని ప్రభువే అతనితో చెప్పెను. అంత దూరమెందుకు? మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచి, కీర్తనల పైన అచ్చువేసిన రాగతాళముల పేర్లు చూడుడి. ఆ రాగములు ఈ దేశపు సంగీతమునుండి వచ్చినవే. వాటిని మొదట పాడినవారు క్రీస్తు పేరు విననివారు. ఆ కారణముచేత మన పితరులు వాటిని త్రోసివేయలేదు.

రెండవ తీర్పు మరింత మెత్తనిది, కావున మరింత అపాయకరమైనది. ఇంత భక్తిగల సంగీతము కట్టినవాడు లోలోపల విశ్వాసియే అయియుండును అని మనము చెప్పుకొందుము. ఆయన చెప్పనిదానిని ఆయన నోట పెట్టుటకు మనకు అధికారమెక్కడిది? అబద్ధసాక్ష్యము పలుకవద్దను ఆజ్ఞ, మేలు కోరి పలుకు అబద్ధమును విడిచిపెట్టలేదు.

అట్లయిన విశ్వాసము ఉన్నను లేకున్నను ఒక్కటేనా అని ఎవరైన అడుగవచ్చును. కాదు. ప్రభువు నామమున ప్రవచించినవారితోను అద్భుతములు చేసినవారితోను, నేను మిమ్మును ఎరుగనని ఆయన చెప్పు దినము కలదు. వరము వేరు, రక్షణ వేరు. మంచి రాగము కట్టినంత మాత్రమున ఎవడును రక్షింపబడడు. రాగము చక్కగా పాడినంత మాత్రమున మనమును రక్షింపబడము. వాన్ విలియమ్స్ సంగతి ఆయనను సృజించిన వానికి తెలియును. పరుని సేవకునికి తీర్పు తీర్చుట మన పని కాదు.

మన పని ఏమనగా, మన సంగతి చూచుకొనుట. ద్రాక్షతోటకు పొమ్మని తండ్రి చెప్పగా ఒక కుమారుడు పోననెను గాని మనస్సు మార్చుకొని పోయెను. రెండవవాడు పోవుదుననెను గాని పోలేదు. వాన్ విలియమ్స్ మనస్సు మార్చుకొనెనని మేము చెప్పము. అయితే రెండవ కుమారుని ముఖము మాకు బాగుగా తెలిసినదే. అది మన ముఖము. నమ్మలేనివాడు సంఘము హీనమైన రాగము పాడకూడదని రెండేండ్లు కష్టపడెను. నమ్మిన మనము ఆదివారము ఉదయమున, కీర్తన సంఖ్య చెప్పిన తరువాత పుస్తకము వెదకుకొందుము. మొదటి చరణము అయిన తరువాత లోపలికి వత్తుము.

ఇంకొక సంగతి. పట్టణములో చదువుకొని వచ్చిన ఒక యౌవనస్థుడు, హార్మోనియము వాయించువాడు, పెద్దలయొద్దకు వచ్చి, అయ్యా, మునుపటివలె నమ్మలేకున్నాను అని ఒప్పుకొనినయెడల ఏమి చేయుదుము? ప్రభురాత్రి భోజనము ఒప్పుకోలు గలవారిది. ఆ విషయములో అతడు నమ్మినట్లు నటింపవలెనని మనము కోరకూడదు. గాని హార్మోనియము మీద చెయ్యి వేయనీయక తలుపు మూసినయెడల, నిజము చెప్పినందుకు అతనిని శిక్షించినవారమగుదుము. మిగిలిన యౌవనస్థులకు అబద్ధము నేర్పినవారమగుదుము. అతని నిజమును సహింతము. అతని పనికి కృతజ్ఞత చెప్పుదము. అతనికొరకు విడువక ప్రార్థింతము.

ఆ రికార్డులో అందరు కలిసి వాయించు చివరి స్వరము ఒకసారి నిండుగా ఉబ్బి, మెల్లగా సన్నగిలి, వినబడకుండ పోవును. కాలిపోయి మరల లేచిన ఆ మందిరపు గోడలు దానిని కొంతసేపు పట్టుకొనియుండును. తన్ను ఎరుగనివారి చేతి పనిని సహా పారవేయని దేవుడు, తన్ను ఎరిగితిమని చెప్పుకొను మన చేతులకును పని చెప్పును గాక. ఆ పనికి సిగ్గుపడని హృదయమును మనకు దయచేయును గాక. ఆమేన్.