చూసినవాడి మాట

కంటితో చూసింది నమ్ముతాం. పొగ కనిపిస్తే నిప్పుందని ఊహించి, దాన్నీ నమ్ముతాం. మరి ఇంకొకరు చెబితే విని నమ్మడం జ్ఞానమేనా? భారతీయ దార్శనికులు ఈ ప్రశ్నతో వందల ఏళ్లు కుస్తీ పట్టారు. చార్వాకులు ప్రత్యక్షం తప్ప మరోటి ఒప్పుకోలేదు. ఎదుటివాడి మాట నమ్మడం కూడా ఊహించడంలో ఒక రకమే, దానికి వేరే పీట అక్కర్లేదన్నాడు బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు. న్యాయ దర్శనం వాళ్లైన నైయాయికులు మాత్రం ఆప్తుడి, అంటే నమ్మదగినవాడి, మాటకు ప్రత్యేకంగా పీట వేశారు. న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఆ పీట ఎక్కేవాడికి రెండు షరతులు పెట్టాడు. విషయాన్ని తాను స్వయంగా ఎరిగి ఉండాలి. ఎరిగినదాన్ని ఎరిగినట్టే చెప్పాలన్న కోరిక ఉండాలి. ఈ రెండూ ఉంటే చెప్పేవాడు ఋషైనా, ఆర్యుడైనా, మ్లేచ్ఛుడైనా ఒకటేనన్నాడు. వేదం ప్రమాణమని నిలబెట్టడానికి నడిచిన వాదంలో ఇంత ధారాళమైన మాట ఉండటం ఇప్పటికీ ఆశ్చర్యమే.

దీనికీ చట్టసభలకూ ఏమిటి సంబంధం అంటే, చాలానే ఉంది. జనగామ రైతు ఢిల్లీ వెళ్లి కాగితాలు తిరగేయలేడు. భూపాలపల్లి గని కార్మికుడు జెనీవా చర్చల్లో కూర్చోలేడు. తన తరఫున ఒకరిని పంపి, వాళ్లు చెప్పింది వింటాడు. ప్రజాస్వామ్యం సగం ఇతరుల మాట మీదే నడుస్తుంది.

ఆ మాటను పత్రిక, విదేశాంగం, శ్రమ అన్న మూడు చోట్ల చూద్దాం. ముందు పత్రిక సంగతి. నేటి మహబూబాబాద్ ప్రాంతంలోని సుబ్రవేడులో 1920లో పుట్టిన షోయబుల్లా ఖాన్ హైదరాబాద్‌లో ఉర్దూ పత్రిక ‘ఇమ్రోజ్’ నడిపారు. అంతకుముందు మందుముల నరసింగరావు ‘రయ్యత్’లో పనిచేశారు. నిజాం సంస్థానం ఇండియన్ యూనియన్‌లో కలవాలని, నిజాం పక్షాన ఉన్న రజాకార్ల సాయుధ మూకల ఆగడాలకు అడ్డుకట్ట పడాలని రాశారు. 1948 ఆగస్టు 21 రాత్రి పని ముగించుకుని కాచిగూడలో ఇంటికి వెళ్తుంటే దుండగులు కాల్చి, చేయి నరికారు. నిజాం ప్రభుత్వం భారత్ మీద ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి పంపిన ఫిర్యాదు మీదా తేదీ ఆగస్టు 21నే. ఒకే రోజు హైదరాబాద్ గురించి ప్రపంచానికి ఒక కథనం బయల్దేరింది, దానికి ఎదురు సాక్ష్యం చెప్పగలిగినవాడు నేలకొరిగాడు. సెప్టెంబరు 16న పారిస్‌లో మండలి ఆ ఫిర్యాదు విన్నప్పుడు బల్ల దగ్గర కూర్చున్నది పాలకుడి దూతలు. కాచిగూడ వీధిని కళ్లారా చూసి రాసిన మనిషి అప్పటికి లేడు. తన మతం వాడే అయిన పాలకుడికి నచ్చనిది, తాను చూసింది చూసినట్టు రాశాడు. వాత్స్యాయనుడి రెండు షరతులకూ ఇంతకన్నా ఉదాహరణ ఎక్కడ వెతుకుతాం?

ఆ రోజుల్లోనే వరంగల్‌లో పాములపర్తి సదాశివరావు, ఆయన బంధువు పి.వి. నరసింహారావు ‘కాకతీయ పత్రిక’ నడుపుతూ జయ-విజయ అన్న కలం పేర్లతో రాసేవారు. పీవీ పుట్టిన లక్నేపల్లి ఇప్పుడు మహబూబాబాద్ లోక్‌సభ స్థానంలో ఉంది. 1957 నుంచి 1977 దాకా ఆయన శాసనసభకు వెళ్లింది మంథని నుంచి. నేటి మంథని నియోజకవర్గంలోని కాటారం, మహదేవపూర్ మండలాలు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోవే. వార్త, విదేశాంగం, శ్రామికుడు అన్న మూడు రంగాల్లోనూ చేయి పెట్టిన శాసనకర్త ఈ నేల మీద ఎవరంటే ముందు తట్టే పేరు ఆయనదే. కాబట్టి ఆప్తుడి కొలతను ఆయన మీదే పెట్టి చూడటం న్యాయం.

1949లో ఆయన విజయ పేరుతో ‘గొల్ల రామవ్వ’ అనే కథ రాశారు. పోలీసులు తరుముతుంటే ఒక విప్లవ యువకుడు రాత్రిపూట ముసలి గొల్ల రామవ్వ గుడిసెలో దూరతాడు. రామవ్వ అతని వేషం మార్చి, తన మనవరాలి పెనిమిటి అని చెప్పి పోలీసులను సాగనంపుతుంది. అది పచ్చి అబద్ధం. కానీ కథ చదివిన ఏ పాఠకుడూ రామవ్వను అబద్ధాలకోరు అనడు.

ఎందుకనడు? దీనికి జవాబు భారతంలోనే ఉంది. కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి కౌశికుడి కథ చెబుతాడు. నిజం తప్ప మరోటి పలకనని వ్రతం పట్టిన తపస్వి ఆయన. దొంగలు తరిమితే కొందరు పారిపోయి అడవిలో దాక్కున్నారు. ఎటు పోయారని దొంగలు అడిగితే కౌశికుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. దాక్కున్నవాళ్లు చచ్చారు, కౌశికుడు నరకానికి పోయాడు. వాస్తవం పలికినంత మాత్రాన సత్యం పలికినట్టు కాదని, ఆ మాట ఎవరి నెత్తిన పడుతుందో చూడాలని కృష్ణుడి తీర్పు.

ఇక్కడే చిక్కు. రామవ్వకు ఇచ్చిన వెసులుబాటు మంత్రిగారికీ ఇద్దామా? జాతి క్షేమం కోసం కొంత దాచాం, కొంత మార్చి చెప్పాం అని ప్రతి ప్రభుత్వమూ అంటుంది. తేడా ఒక్కటే. రామవ్వ పణంగా పెట్టింది తన మెడను. పాలకుడు దాచినప్పుడు తెగే మెడ సాధారణంగా ఇంకొకరిది. అధికారంలో ఉన్నవాడి మాటను రామవ్వ మాటలా వదిలేయలేం, తనిఖీకి పెట్టాల్సిందే.

విదేశాంగంలో పీవీ ఆ తనిఖీకి చాలావరకు నిలిచారు. 1980 నుంచి 1984 దాకా, మళ్లీ 1988-89లో విదేశాంగ మంత్రి. ప్రధాని అయ్యాక 1992 జనవరిలో ఇజ్రాయెల్‌తో దౌత్య సంబంధాలు, 1993 సెప్టెంబరులో చైనాతో సరిహద్దు శాంతి ఒప్పందం. వీటన్నిటికన్నా చెప్పుకోదగ్గది 1994 జెనీవా. అక్కడ ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్‌లో కశ్మీర్ మీద పాకిస్తాన్ తీర్మానం పెడితే, జవాబు చెప్పడానికి వెళ్లే బృందానికి ప్రతిపక్ష నేత వాజపేయిని నాయకుడిగా పంపారు. చివరికి ఆ తీర్మానం ఓటింగ్ దాకా రాకుండానే వెనక్కి పోయింది. ఇరాన్ తీసుకున్న వైఖరి లాంటి కారణాలూ దాని వెనుక ఉన్నాయి. అయినా ఒక మాట నిజం. ప్రభుత్వాన్ని పొగిడితే ఏ లాభమూ లేనివాడు వచ్చి ప్రభుత్వం తరఫున సాక్ష్యం చెబితే, వినేవాడికి అనుమానించే సందు తగ్గుతుంది. నైయాయికులు మెచ్చే ఎత్తు ఇది.

అయోధ్య దగ్గర ఆ కొలత తప్పింది. బాబ్రీ మసీదుకు రక్షణ కల్పిస్తామని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు అఫిడవిట్ ఇచ్చింది. 1992 డిసెంబరు 6న మసీదు కూలింది. ఎన్నికైన రాష్ట్ర ప్రభుత్వం అత్యున్నత న్యాయస్థానానికి ఇచ్చిన మాటను కేంద్రం నమ్మక ఏం చేస్తుందని, ఆయన మరణానంతరం 2006లో వెలువడిన పుస్తకంలో పీవీ వాదన. రాజ్యాంగపరంగా తీసిపారేసే వాదన కాదు. 1992 జులైలో కోర్టు ఆదేశానికి విరుద్ధంగా అక్కడ నిర్మాణం సాగనిచ్చినందుకు ముఖ్యమంత్రి కల్యాణ్ సింగ్‌కు 1994లో సుప్రీంకోర్టు ఒకరోజు జైలు, 2,000 రూపాయల జరిమానా వేసింది కూడా. కానీ వాత్స్యాయనుడి రెండో షరతు సంగతేమిటి? చెప్పేవాడికి ఉన్నదున్నట్టు చెప్పాలన్న కోరిక ఉందా అన్నది ఎవరు చూశారు? అయోధ్యలో పోగైన జనం కళ్ల ముందున్నారు. కంటికి కనిపించేది ఒకటి, కాగితం చెప్పేది మరోటి అయినప్పుడు కాగితాన్ని పట్టుకోవడం తర్కం కాదు. రామవ్వ గుమ్మంలో నిలబడ్డ పోలీసులు తమకు చెప్పింది నమ్మి వెళ్లిపోయారు. ఆ కథ రాసినాయన ఈసారి నమ్మినవాళ్ల వైపు నిలబడ్డారు.

ఇక శ్రమ. జనగామ జిల్లా పాలకుర్తి పేరు మోసిన పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంలో బసవపురాణాన్ని ద్విపదలో రాశాడు. అందులో భక్తులు బట్టలుతికే మడివాలు మాచయ్య, చెప్పులు కుట్టే మాదార చెన్నయ్య. చెన్నయ్య పోసిన అంబలి శివుడు తాగాడు. పని చేసేవాడి ఇల్లే దేవుడి ఇల్లన్న ఆ పురాణం పుట్టిన సీమలోనే, ఏడు వందల ఏళ్ల తర్వాత కూడా, చాకలి ఇంటివాళ్లు దొర గడీలో పైసా లేకుండా వెట్టి చేయాల్సి వచ్చింది. పాలకుర్తి చాకలి ఐలమ్మ కౌలు భూమిలో పండించిన పంట మీద విస్నూరు దేశ్‌ముఖ్ కన్ను పడితే, ఆంధ్ర మహాసభ సంఘం వాళ్లు కాపలా కాసి కోత కోసి ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. కడవెండిలో 1946 జులై 4న దొర మనుషుల తూటాకు దొడ్డి కొమరయ్య ప్రాణం పోయింది. పురాణం విని తల ఊపిన ఊరు, మాచయ్య వారసురాలి నోటిమాటకు మాత్రం విలువ కట్టలేదు. మతం దగ్గర జవాబు లేని ప్రశ్నల్లో ఇదొకటి.

1971లో ముఖ్యమంత్రి అయిన పీవీ భూపరిమితి మీద గట్టిగా నిలబడ్డారు. స్థానికుల ఉద్యోగాల మీద వచ్చిన ముల్కీ తీర్పు, ప్రత్యేక ఆంధ్ర కోరిన జై ఆంధ్ర ఉద్యమం, భూస్వాముల కోపం కలిసి 1973 జనవరిలో ఆయన ప్రభుత్వం పోయింది. అక్కడ తాను నష్టపోయే మాట అన్నారు గనుక నమ్మవచ్చు. ఆర్థిక సంస్కరణల కాలంలో మాత్రం అలా అనలేం. పనులు పోయే కార్మికులకు కొత్త పని నేర్పిస్తామంటూ 1992లో జాతీయ పునరుద్ధరణ నిధి పెట్టారు. అందులో ఎక్కువ డబ్బు స్వచ్ఛంద పదవీ విరమణ చెల్లింపులకే పోయింది. చేతిలో చెక్కుతో ఇంటికి వెళ్లిన కార్మికుల్లో కొత్త పని నేర్చినవాళ్లు కొద్దిమందే.

భూపాలపల్లిలో కాకతీయ ఖని గనుల్లో దిగే కార్మికుడి విషయంలో చట్టం కొంత మెరుగు. గనుల నిబంధనల్లో కార్మికుల తరఫు తనిఖీదారు అని ఒకరుంటారు. పైకప్పు ఎలా ఉంది, గాలి ఆడుతోందా అన్నది రోజూ కింద నడిచేవాడు చూసి రాస్తే యాజమాన్యం దాన్ని పట్టించుకోవాలి. సింగరేణిలో గుర్తింపు సంఘాన్ని 1998 నుంచి కార్మికులే రహస్య ఓటుతో ఎన్నుకుంటున్నారు. చూసినవాడి మాటకు రిజిస్టరులో చోటివ్వడమంటే ఇదే.

శాసనకర్త మాటకు మాత్రం ఇలాంటి తనిఖీ తక్కువ. సభలో ప్రశ్న అడిగే సభ్యుడు అందులోని సమాచారానికి తానే బాధ్యుడని లోక్‌సభ నియమావళి చెబుతుంది. అదే సమయంలో సభలో అన్న మాటకు, వేసిన ఓటుకు కోర్టులో కేసు ఉండదని రాజ్యాంగం 105, 194 అధికరణాలు రక్షణ ఇచ్చాయి. పీవీ ప్రభుత్వం మీద వచ్చిన 1993 అవిశ్వాస తీర్మానంలో ముడుపులు పుచ్చుకుని ఓటేసిన ఎంపీలకూ ఆ రక్షణ వర్తిస్తుందని 1998లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ తీర్పు పీవీ పేరుతోనే ఉంది. ఆ కేసులో కింది కోర్టు ఆయన్ను దోషి అన్నా, 2002లో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆయనకు 2024 ఫిబ్రవరి 9న భారతరత్న ప్రకటించారు. అదే ఏడాది మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1998 నాటి తీర్పును రద్దు చేసింది.