నీటికి వెల కట్టేది ఎవరు?

గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా దిగి, తాటిపూడి జలాశయంలో చేరుతుంది. అక్కడి నుంచి కొంత నీరు పొలాలకు, కొంత విశాఖపట్నానికి పోతుంది. కొండమీద గెడ్డగా ఉన్నప్పుడు ఆ నీటికి వెల లేదు. పట్నం చేరాక అదే నీటికి వెల ఉంటుంది. మధ్యలో దానికి ఏం కలిసింది? అసలు నీటికి వెల కట్టడం న్యాయమేనా? న్యాయమే అయితే ఆ వెల ఎవరు నిర్ణయించాలి? ఇప్పుడు మన గూడేలకూ కుళాయిలు వస్తున్నాయి కనుక ఇవి పట్నం వాళ్ల ప్రశ్నలే అని వదిలేయలేం.

ముందు ధర ఎలా కడతారో చూద్దాం. నీళ్లిచ్చే సంస్థ ఏడాదికయ్యే ఖర్చంతా కూడుతుంది. మోటార్ల కరెంటు, నీటిని శుభ్రం చేసే పటిక, క్లోరిను, సిబ్బంది జీతాలు, పైపుల మరమ్మతు, కట్టడానికి తెచ్చిన అప్పు మీద వడ్డీ అన్నీ అందులో ఉంటాయి. ప్రభుత్వం ఇచ్చే డబ్బు తీసేసి, మిగిలిన ఖర్చును వాడుకునేవాళ్ల మీద పంచుతారు. కరెంటు ధర, జీతాలు పెరిగితే ధర మళ్లీ సవరిస్తారు. కొన్నిచోట్ల నెలకు ఒకే మొత్తం తీసుకుంటారు. మీటరున్న చోట వాడకం పెరిగేకొద్దీ లీటరు ధర పెరిగేలా మెట్లు పెడతారు. వ్యాపారాలకు ఇళ్లకంటే ఎక్కువ ధర వేస్తారు.

చిన్న లెక్క వేద్దాం. ఒక పథకానికి ఏడాదికి ఖర్చు 6 లక్షల రూపాయలు, పంపే నీరు 4 కోట్ల లీటర్లు అనుకుందాం. వెయ్యి లీటర్లకు 15 రూపాయలు పడుతుంది. పైపులు కారి నాలుగో వంతు నేల పాలైతే, బిల్లు వేయడానికి 3 కోట్ల లీటర్లే మిగులుతాయి. అప్పుడు అదే ఖర్చుకు 20 రూపాయలు పడుతుంది. కారిపోయిన నీటికి కూడా ఇంటివాళ్లే డబ్బు కట్టారన్నమాట. మెట్ల ధరలోనూ ఒక చిక్కుంది. ఇద్దరున్న ఇల్లు కింది మెట్టులోనే ఉండిపోతుంది. ఒకే కుళాయి మీద పదిమంది బతికే పేద ఇల్లు పై మెట్టుకు ఎక్కుతుంది. ధర పైకి లెక్కలాగే కనిపిస్తుంది కానీ ఎవరి మీద ఎంత బరువు పెట్టాలన్న తీర్పు దాని లోపల ఉంటుంది.

ఈ ఖర్చుల పట్టికలో నీటి ధర అన్న పద్దు మనకు కనబడదు. ఉన్నదంతా నీటిని ఎత్తి, శుభ్రం చేసి, మోసుకొచ్చిన శ్రమ ఖరీదే. వాన కురిపించినందుకు ఎవరూ బిల్లు వేయలేరు. శ్రమకు వెల కట్టడం తప్పని మేము అనడం లేదు. అయితే శ్రమ అంతటికీ లెక్క ఉండాలి కదా! ఊట దగ్గరకు రోజుకు నాలుగుసార్లు వెళ్లే ఆడమనిషికి ఒక్కో తిరుగుడుకు అరగంట పట్టిందనుకుంటే, ఏడాదికి 730 గంటలు. ఆమె నీళ్లను ఉచితం అంటారు. మోటారు మోస్తే ఖర్చు, తల మోస్తే ఉచితం! గెడ్డ ఎండకుండా పైనున్న అడవిని కాచుకున్న ఊళ్ల పని కూడా పట్నం బిల్లులో కనిపించదు.

వెల కట్టే అధికారం చేజారితే ఏమవుతుందో దక్షిణ అమెరికాలోని బొలీవియా దేశం చూసింది. అక్కడి కొచబంబ నగరంలో 1999లో నీటి సరఫరాను ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించారు. మరుసటి ఏడాది మొదట్లోనే బిల్లులు బాగా పెరిగాయి. అంతకంటే పెద్ద దెబ్బ మరొకటుంది. శివార్లలోని పేదలు, చుట్టుపక్కల కెచువా రైతులు తామే చందాలు వేసుకుని, తామే తవ్వుకున్న బావులు కూడా కంపెనీ పరిధిలోకి పోయేలా చట్టం, ఒప్పందం ఉన్నాయి. జనం నెలల తరబడి రోడ్ల మీదికి వచ్చారు. 17 ఏళ్ల కుర్రవాడు తుపాకి గుండుకు బలయ్యాడు. 2000 ఏప్రిల్‌లో ఒప్పందం రద్దయింది. అయితే కంపెనీ పోయినంత మాత్రాన కుళాయిలు రాలేదు. నగరం దక్షిణ శివార్లలో చాలా ఇళ్లు ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి ట్యాంకరు నీళ్లే కొనుక్కున్నాయి. అన్యాయపు ధరను కొట్టేయడం సగం పనే. న్యాయమైన ఏర్పాటు కట్టుకోవడం మిగతా సగం.

అలాగైతే అంతా ఉచితం చేస్తే సరిపోదా? దక్షిణాఫ్రికా 2001 నుంచి ఇంటికి నెలకు 6,000 లీటర్లు ఉచితంగా ఇవ్వాలని విధానం పెట్టుకుంది. మనిషికి రోజుకు 25 లీటర్లు, ఇంటికి ఎనిమిది మంది అన్నది దాని లెక్క. హైదరాబాదులో 2021 జనవరిలో ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. బతకడానికి కావలసిన నీటికి డబ్బు అడ్డు కాకూడదన్న మాట సరైనది. కానీ కుళాయే లేని ఇంటికి ఉచిత కుళాయి నీరు ఎలా అందుతుంది? ఇక మోటారు కాలిపోయినప్పుడు బాగుచేయించే డబ్బు ఎక్కడా లేకపోతే, కుళాయి ఉన్న ఊరు కూడా మళ్లీ బిందె పట్టుకుని ఊట దారి పట్టాల్సిందే. ఉచితం అన్నా ఖర్చు ఎవరో ఒకరు మోస్తారు. ఎవరు మోస్తున్నారో చెప్పి చేసేది న్యాయం. చెప్పకుండా చేస్తే ఆ బరువు చివరికి ఆడవాళ్ల తలమీదికే చేరుతుంది.

జల్ జీవన్ మిషన్ నిబంధనల ప్రకారం కొండ, అటవీ ప్రాంతాల్లోనూ, ఎస్సీ, ఎస్టీలు సగానికి మించి ఉన్న గ్రామాల్లోనూ ఊళ్లో వేసే పనుల ఖర్చులో ప్రజల వాటా 5 శాతం. దాన్ని డబ్బుగానే కాదు, వస్తువులుగా, శ్రమగా కూడా ఇవ్వవచ్చు. అంటే శ్రమను లెక్కలోకి ఎక్కించే దారి కాగితం మీద ఉంది. షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకు అప్పగించాలని 1996 నాటి పీసా చట్టం చెబుతోంది. మన నీటి మీద మాట్లాడే చోటు మనకు ఉంది. అక్కడ కూర్చోవడానికి లెక్క రావాలి.

అందుకే యువతకు, పంతుళ్లకు మేము చెప్పేది ఇది. గ్రామసభలో నీటి చందా మాట వచ్చినప్పుడు, ఎంత అని అడిగే ముందు నాలుగు సంగతులు అడగండి. ఏడాదికి ఏ పద్దుకు ఎంత ఖర్చయింది? ఎంత నీరు కారిపోతోంది? కట్టలేని ఇళ్లు ఏవి, వాళ్ల వాటా ఎవరు మోస్తారు? పైపు పని చేసినవాళ్ల, ఊటను శుభ్రం చేసినవాళ్ల శ్రమ ఏ పద్దులో రాశారు? బడిలో భాగహారం చెప్పేటప్పుడు మన ఊరి కుళాయి లెక్కే బల్లమీద రాయండి. సభలో అందరి ముందూ చదివి, అందరికీ అర్థమయ్యాక ఒప్పుకున్న ధరే ఊరి ధర. అర్థం కాని కాగితం మీద వేలిముద్ర వేయించుకున్న ధర, అది పది రూపాయలైనా, ఊరికి భారమే.