ఈ పూట ఏం కూర?

పొద్దు కొండ వెనక్కి దిగే వేళకు మన ఊళ్ళలో దడి అవతల నుంచి ఒక ప్రశ్న వినిపిస్తుంది. "ఏటి కూర వొండుతున్నావు వదినా?" కువిలో అడిగినా, సవరలో అడిగినా, కోయలోనో గోండిలోనో అడిగినా సంగతి అదే. జవాబులూ మనకు తెలిసినవే. వానాకాలమైతే వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు. ఎండాకాలమైతే చింతచిగురు, పనస పిక్కలు. సంత జరిగిన రోజు ఎండు చేపల పులుసు. ఏమీ లేని రోజు, "ఏముంది వదినా, ఉప్పూ మిరపకాయే."

దీన్ని ఊసుపోక కబురు అనుకునేవాళ్ళున్నారు. మనం అలా అనుకోం. పొయ్యి వెలగని ఇల్లు ఏదో తెలుసుకోవడానికి ఇంతకంటే మర్యాదైన దారి లేదు. "మీ ఇంట్లో తిండి ఉందా" అని ముఖం మీద అడిగితే ఎదుటి మనిషి తల దించుకుంటుంది. కూర పేరు అడిగితే ఉన్నదీ తెలుస్తుంది, లేనిదీ తెలుస్తుంది. ఉప్పూ మిరపకాయే అన్న ఇంటికి కాసేపట్లో ఒక గిన్నె వెళుతుంది, పైన అడ్డాకు కప్పుకొని. ఆ గిన్నె ఖాళీగా తిరిగి రాదు. నాలుగు రోజులు ఆలస్యమైనా గుప్పెడు కందులో, రెండు నిమ్మకాయలో వేసుకొని వస్తుంది. అంటే అడిగిన మనిషి అడగడంతోనే ఒక బాధ్యత నెత్తికెత్తుకుంటోంది. గిన్నె పంపే ఉద్దేశం లేనివాళ్ళు ఆ ప్రశ్న అడగరు. అడిగితే ఊరు వాళ్ళను మరోలా చూస్తుంది.

అదే ప్రశ్న బడిలో అడిగితే ఏమవుతుంది? పోషకాహారం పాఠం మధ్యలో టీచరు "రాత్రి ఏం తిన్నారు?" అంటారు. ఆయనకు చెడ్డ ఉద్దేశం ఉండదు. చోడి అంబలి తాగి వచ్చిన పిల్ల పక్కపిల్ల ముఖం చూసి "అన్నం, పప్పు" అంటుంది. ఇది అబద్ధమా? మాట వరకు అబద్ధమే. కానీ ఆ పిల్ల కంటే ముందు ఎవరో నిజం చెప్పారు, తరగతి నవ్వింది, ఈ పిల్ల అది చూసింది. నిజం చెప్పమని పిల్లలకు బోధించే ముందు నిజం చెబితే నవ్వని చోటు ఒకటి ఉండాలి కదా. మనం తప్పు వెతకాల్సింది నవ్వినవాళ్ళ దగ్గర, నవ్వుతుంటే పాఠం ముందుకు నడిపించినవాళ్ళ దగ్గర.

అన్నం అనే మాటకు ఈ పెద్దరికం మొదటినుంచీ ఉన్నది కాదు. కొండవాలుల మీద చోళ్ళు, సామలు, కొర్రలు పండేవి. ఆదిలాబాద్ గూడేల్లో జొన్న గటకే తిండి. వరి పల్లపు మడుల్లో కొంచెం. 1983లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. అది ఆకలి తీర్చింది, దాన్ని తేలిగ్గా తీసిపారేసేవాళ్ళు ఆకలి చూడనివాళ్ళు. కాకపోతే ఆ సంచీతోపాటు ఇంకొకటి కూడా ఇళ్ళలోకి వచ్చింది: తెల్లగా ఉన్నది తిండి, నల్లగా ఉన్నది లేమి అనే లెక్క.

ఇప్పుడు ఆ లెక్క తిరగబడిందంటున్నారు. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. మన చోళ్ళు పట్నంలో రాగి బిస్కెట్లయ్యాయి. అరకు దారిలో బొంగు చికెన్ కోసం కార్లు ఆగుతున్నాయి. ఒడిశాలోని సిమిలిపాల్ ఎర్రచీమల పచ్చడికి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే. "ఇక సిగ్గుపడకండి, గర్వపడండి" అని మనకు చెప్పేవాళ్ళూ ఎక్కువయ్యారు. ఆ మాట మనకు పూర్తిగా మింగుడుపడదు. కారులో వచ్చినవాళ్ళ నాలుకకు నచ్చిందని గర్వపడితే, రేపు వాళ్ళ నాలుక మారితే ఏం చేస్తాం? నిన్నటి సిగ్గు వాళ్ళు ఇచ్చిందే. ఇవాళ్టి గర్వమూ వాళ్ళు ఇచ్చిందే అయితే మనం ఎక్కడున్నట్టు?

గర్వం కప్పేసే సంగతి ఇంకొకటి ఉంది. 2001లో మన పార్వతీపురానికి అవతల, ఒడిశా రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో మామిడి టెంకల జావ తాగిన ఆదివాసులు చాలామంది చనిపోయారు. అవి ఆకలి చావులని కొందరన్నారు. కాదు, పాడైపోయిన టెంకలు తిన్నందువల్ల వచ్చిన చావులని ప్రభుత్వం వైపునుంచి అన్నారు. వాళ్ళకది అలవాటు తిండేనన్న మాట కూడా వచ్చింది. మన మన్యం పెద్దలకు టెంక పిండి కొత్త కాదు. టెంకలు ఎండబెట్టి, పగలగొట్టి, లోపలి జీడిని దంచి, వగరు పోయేదాకా నీళ్ళు మార్చి మార్చి నానబెట్టి, అప్పుడు జావ కాస్తారు. అది తెలివైన పనే, తరాల తెలివి. కానీ ఆ తెలివి గాదెలో గింజ లేని వాననెలలు దాటడానికి పుట్టింది. "ఏం వండారు?" అని అడిగి, వచ్చిన జవాబును వండిన చేతుల మీదికే నేరంగా తిప్పారు. "అదే ఎందుకు వండాల్సి వచ్చింది?" అనే రెండో ప్రశ్న దాకా పోనివ్వలేదు. మన యువకులు ఇప్పుడు మన వంటల మీద రాస్తున్నారు, వీడియోలు తీస్తున్నారు. తీయాలి. అయితే వెదురు కొమ్ముల కూర మనం ఏడాదంతా ఎదురుచూసేది. టెంక జావ ఇంకేమీ లేక తాగేది. రెండింటికీ "సంప్రదాయ వంట" అని ఒకే పేరు పెడితే బడిలో ఆ పిల్ల చెప్పిన దానికంటే పెద్ద అబద్ధం చెప్పినట్టే.

ఇంటి లోపల సంగతి కూడా చూడాలి. దడి అవతలి ఆడమనిషి అడిగే "ఏం కూర?" వేరు, పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ మగమనిషి అడిగే "ఏం కూర?" వేరు. మాటలు అవే. రెండోదాంట్లో గిన్నె పంపే బాధ్యత లేదు, కంచం ముందుకు రావాలనే హక్కు మాత్రమే ఉంది. ఆదివాసీ సమాజంలో స్త్రీకి స్వేచ్ఛ ఎక్కువని సభల్లో మనం చెప్పుకుంటాం. అడవి నుంచి ఆకు తెచ్చేది, చోళ్ళు విసిరేది, వండేది ఎక్కువగా ఆమె. గిన్నె అడుగంటాక "నేను తిన్నాను" అనేదీ ఆమే. ఆ మాటను త్యాగమని మెచ్చుకుంటాం. మెచ్చుకున్నది ఇక చాలు. ఆమె తినలేదని తెలిసీ నమ్మినట్టు చేయి కడుక్కునేవాళ్ళకు ఆ అబద్ధంలో సగం పాలు ఉంది. కూర పేరు అడిగే నోటికి "నీకు మిగిలిందా?" అని అడగడం, గిన్నె మూత తీసి చూడడం పెద్ద కష్టం కాదు.

ఆశ్రమ పాఠశాలల్లో వారం మెనూ గోడ మీదే రాసి ఉంటుంది. అందుకని అక్కడ ఎవరూ ఎవరినీ ఏం కూరని అడగరు. ఆ లోటు తీర్చుకోవడానికేనేమో, ఆదివారం ఫోను చేతికి రాగానే పిల్లలు "అమ్మా, ఏం కూర?" అంటారు. ఇంట్లో మిరపకాయే ఉన్నా అమ్మ "పప్పు వండినానమ్మా" అంటుంది, పిల్ల బెంగపెట్టుకుంటుందని. సాంబారు నీళ్ళలా ఉన్నా పిల్ల "ఇక్కడ తిండి బాగుందమ్మా" అంటుంది, అమ్మ బెంగపెట్టుకుంటుందని. ఈ రెండు మాటలనూ అబద్ధాల లెక్కలో వేయాలా వద్దా? టీచర్లు ఒకరోజు దీన్ని తరగతిలో చర్చకు పెట్టవచ్చు. ముందు తమ ఇంట్లో రాత్రి ఏం వండుకున్నారో చెప్పి, ఆ తర్వాత.