ఏ దేశం ఎవరికి బాగుంటది?

రెండు దేశాల్ని పక్కపక్కన పెట్టి ఏది బాగుందో తేల్చేవాళ్లు ముందు ఒక సంగతి చెప్పాలి. ఎక్కడ నిలబడి చూస్తున్నారు? ఆసామి అరుగు మీదనించా, మా పల్లెలోనించా?

నూజివీడు మామిడితోటల్లో పుట్టినవాణ్ణి. మా అయ్య తోటకి కాపలా ఉండేవాడు. మాయమ్మ కోతలప్పుడు కాయలు మోసేది. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు, సర్కారు బడిలో పంతుల్నయిందీ నేనే మొదలు. తోటలున్న ఆసాముల పిల్లలు అమెరికా వెళ్లారు. మా పల్లె ఆడోళ్లు కువైట్ వెళ్లారు. ఒకే ఊరినించి రెండు దార్లు. ఆ దార్లు రెండెందుకయ్యాయో అడక్కుండా ఏ దేశం బాగుందో మాట్లాడితే అది ఆసాముల కబురే అవుద్ది.

ఐక్యరాజ్యసమితి వాళ్లు 1990 నించి మానవాభివృద్ధి నివేదిక వేస్తున్నారు. పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ మొదలెట్టిన పని అది. అమర్త్యసేన్ తోడు నిలిచాడు. డబ్బు ఒక్కటే కాదు, మనిషి ఎన్నేళ్లు బతుకుతున్నాడు, ఎంత చదువుతున్నాడు అనేవి కూడా లెక్కలోకి రావాలన్నారు. మంచి మాట. మాలాంటోళ్లకి కావలసిన మాట. ఆ లెక్కలో కువైట్ చాలా పైనుంది, మనదేశం మధ్యలో ఉంది. అయితే అది సగటు. ఇంటామె బతుకూ, ఆ ఇంటి వంటగదిలో పడుకునే మనిషి బతుకూ కలిపి భాగిస్తే వచ్చిన అంకె ఇద్దరిలో ఎవరిదీ కాదు. ఇక్కడా అంతే. తోట ఆసామి ఆయుష్షూ, చెట్టుమీదనించి పడి నడుం విరిగిన కూలోడి ఆయుష్షూ కలిపి దాన్నే దేశం అంటున్నారు.

మా పిన్ని కువైట్లో ఆరేళ్లు ఇంటిపని చేసింది. దిగిన రోజే పాస్‌పోర్టు ఇంటాయన బీరువాలోకి పోయింది. కఫాలా పద్ధతిలో ఎవరు పిలిపించుకుంటే వాళ్ల పేరుమీదే ఆ దేశంలో ఉండాలి. 2015లో కువైట్ ఇంటిపనివాళ్ల కోసం చట్టం చేసింది. వారానికో రోజు సెలవు, రోజుకి 12 గంటలకి మించి పని వద్దు అని అందులో ఉంది. ఆ సంగతి పిన్నికి ఊరికొచ్చాక నేను చెబితేనే తెలిసింది. "వారానికో రోజా?" అని నవ్వింది.

అదే పిన్ని ఇంకో మాట కూడా చెప్పింది: "ఆ ఇంట్లో నేనొండిన కూడే అందరూ తిన్నార్రా. ముసలామైతే నా చేత్తో కలిపి పెడితేగానీ తినేది కాదు. మనూళ్లో ఏ ఆసామి వంటింట్లోకి నన్ను రానిచ్చార్రా?"

పిన్ని కువైట్‌ని మెచ్చుకోవట్లేదు. అక్కడ ఆమె గడప దాటి బయటికి రాలేకపోయింది. ఇక్కడ గడప దాటి లోపలికి పోలేకపోయింది. ఇందులో ఏది నయం అని అడగడమే అన్యాయం. ఒకచోట దొరికిన గౌరవంతో ఇంకోచోట పోయిన స్వేచ్ఛని చెల్లు వెయ్యలేం. మనిషికి రెండూ కావాలి.

అంబేడ్కర్ 1913లో న్యూయార్క్ వెళ్లి కొలంబియాలో చదివాడు. అక్కణ్ణించి లండన్ వెళ్లాడు. తన చదువుకి డబ్బిచ్చిన బరోడా సంస్థానంలో ఉద్యోగం చెయ్యటానికి 1917లో వస్తే ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో పేరు మార్చుకుని దిగాడు. సంగతి తెలిసి కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. పరాయి దేశాల్లో గడిపిన ఏళ్లు తను అంటరానివాణ్ణన్న సంగతే మరిపించాయని ఆయనే రాసుకున్నాడు. మనిషి అదే, చదువు అదే. నేల మారింది. ఈ తేడా ఏ పట్టికలో ఎక్కుద్ది? అట్టాగని అమెరికా స్వర్గమూ కాదు. ఆయన హాయిగా చదువుకున్న ఆ ఏళ్లలోనే అక్కడి దక్షిణ రాష్ట్రాల్లో నల్లవాళ్లకి వేరే బడి, వేరే రైలుపెట్టె.

పైగా ఇక్కణ్ణించి వెళ్లేవాళ్లు కులాన్ని కూడా మూటగట్టుకు పోతున్నారు. 2007 నించి మన మామిడిపళ్లని అమెరికా మళ్లీ రానిస్తోంది, పురుగు పోవటానికి రేడియేషన్ పెట్టాక. పండుకి అంత పరీక్ష ఉంది. కులానికి ఏ విమానాశ్రయంలోనూ పరీక్ష లేదు. అందుకే 2023లో సియాటెల్ నగరం కులవివక్షని నిషేధిస్తూ చట్టం చేసుకోవాల్సొచ్చింది. అమెరికాలో అట్టా చేసిన మొదటి నగరం అదే.

మరి దేశం మారటమంటే సముద్రం దాటటమేనా? 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపాక మిగిలినోళ్లు కొద్ది మైళ్ల దూరంలో ఉన్న చీరాల చేరి అక్కడే ఇళ్లు కట్టుకున్నారు. వాళ్లు ఏ వీసా అడగలేదు. అయినా వాళ్లు దేశం మారినవాళ్లే.

నేను పరీక్షలు పెట్టే మనిషిని. క్లాసు సగటు బాగుందని చివరి బెంచీ పిల్లోడు పాసయినట్టు రాయను. దేశాన్నీ అట్టాగే చూడాలంటాను. అట్టడుగున ఉన్న మనిషికి కూలి ఎంత, ఆసుపత్రి ఎంత దూరం, అతను వండింది పక్కింటివాళ్లు తింటారా, ఇష్టంలేని పని మానేసి వెళ్లగలడా - ముందు ఇవి అడగాలి. ఈ లెక్కన ఏ దేశమూ పాస్ కాదని కొందరు మిత్రులు అంటారు. కాకపోతే ఫెయిలని రాద్దాం. ఫెయిలయిన పిల్లోడికి తప్పెక్కడుందో చూపించొచ్చు. ఊరికే పాస్ చేసినోడికి ఏమీ చెప్పలేం.

నూజివీడులో 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చింది. మా బడిలో పిల్లలు దానిమీదే ఆశ పెట్టుకున్నారు. అక్కణ్ణించి విదేశం అంటారు. వెళ్లమనే చెబుతాను. ఉండనివ్వని వాళ్లకి ఎందుకెళ్తున్నావని అడిగే హక్కు లేదు. అయితే వెళ్లేవాళ్లకి ఒక్క మాట: అక్కడినించి ఈ దేశాన్ని కొలిచేటప్పుడు మీ జీతంతో కొలవకండి. ఈ ఎండాకాలం తోటలో గంప మోస్తున్న మీ అమ్మ బతుకుతో కొలవండి.