గంగ ఒడ్డున పిల్లి తపస్సు

కురుక్షేత్రంలో సేనలు మోహరించాయి. యుద్ధం ఇంకా మొదలుకాలేదు. ఆ సమయంలో దుర్యోధనుడు శకుని కొడుకు ఉలూకుణ్ణి పాండవుల శిబిరానికి దూతగా పంపాడు. ధర్మరాజుతో చెప్పమని అప్పగించిన మాటల్లో ఒక పిల్లి కథ ఉంది. ధర్మం పేరు చెప్పుకుంటూ రాజ్యం కోసం బంధువులను చంపడానికి సిద్ధపడ్డావు, నీది పిల్లి వ్రతం అని ఎత్తిపొడవడానికి ఆ కథ. ఈ కథను తన తండ్రికి నారదుడు చెప్పాడని కూడా దుర్యోధనుడు జోడించాడు. ఉద్యోగపర్వంలో ఈ ఘట్టం చదివినవారికి ఒక సందేహం రాక తప్పదు. దంభం గురించి ఇంత సూక్ష్మమైన కథను వ్యాసుడు విదురుడి నోటనో భీష్ముడి నోటనో పలికించకుండా దుర్యోధనుడి నోట ఎందుకు పెట్టాడు?

ముందు కథ చూద్దాం. ఒక పిల్లి గంగ ఒడ్డున చేతులెత్తి నిలబడి తపస్సు మొదలుపెట్టింది. హింస మానేశాను, ధర్మం ఆచరిస్తున్నాను అని చాటింది. చాలాకాలానికి పక్షులకు నమ్మకం కుదిరి, దగ్గరికి వచ్చి పొగిడాయి. తన వ్రతం ఫలించిందని పిల్లి అప్పుడే అనుకుంది. తరువాత ఎలుకలు వచ్చాయి. మాకు శత్రువులు ఎక్కువ, నువ్వు మేనమామవై మా ముసలివాళ్ళనూ పిల్లలనూ కాపాడాలని వేడుకున్నాయి. తపస్సూ రక్షణా ఒకచోట పొసగవు, అయినా మీ మాట కాదనలేను అంటూ పిల్లి ఒప్పుకుంది. తపస్సుతో అలసిపోయాను, కదల్లేను, రోజూ నన్ను నది దాకా తీసుకెళ్ళాలి అని మాత్రం అడిగింది. అప్పటినుంచి పిల్లి ఒళ్ళు చేసింది, ఎలుకల గుంపు పలచబడింది. డిండికుడనే ఎలుకకు అనుమానం వచ్చింది. మీరు ముందు నడవండి, నేను మామతో వెనకాల వస్తానన్నాడు. మళ్ళీ కనిపించలేదు. చివరికి ఒక ముసలి ఎలుక అందరినీ కూడగట్టి చెప్పింది: పండ్లూ దుంపలూ తినేవాడి మలంలో వెంట్రుకలుండవు, మామ మలంలో ఉన్నాయి. మామ పెరుగుతున్నాడు, మనం తరుగుతున్నాం. డిండికుడు కొన్నాళ్ళుగా లేడు. అది విని ఎలుకలన్నీ పారిపోయాయి. పిల్లి వచ్చిన దారినే పోయింది.

తమిళనాట మహాబలిపురంలో 7వ శతాబ్దపు పల్లవ శిల్పమొకటి ఉంది. అర్జున తపస్సు అంటారు, గంగావతరణమనీ అంటారు. ఆ బండ మీద ఒంటికాలిపై నిలిచి చేతులెత్తిన తపస్వి ఉన్నాడు. అదే బండ మీద కింది వైపున వెనకకాళ్ళపై నిలబడి ముందుకాళ్ళెత్తిన పిల్లి ఉంది, దాని చుట్టూ ఎలుకలున్నాయి. తపస్వి ఎవరన్నది పండితులు తేల్చుకోలేదు కానీ పిల్లి ఎవరన్నది అందరికీ తెలుసు. నిజమైన తపస్సుకూ దొంగ తపస్సుకూ శిల్పి ఒకే భంగిమ ఇచ్చాడు. కంటికి కనిపించేది రెంటిలోనూ ఒకటే కాబట్టి దాన్నిబట్టి తీర్పు చెప్పలేమని ఆ రాయి హెచ్చరిస్తోంది.

గీత ఈ విషయాన్ని మరింత లోతుకు తీసుకెళ్ళింది. పదహారో అధ్యాయంలో ఆసురీ సంపద లెక్క దంభంతో మొదలవుతుంది. దర్పం, అభిమానం, క్రోధం ఆ తరువాతే. పదమూడో అధ్యాయంలో జ్ఞాన లక్షణాలు చెప్పేటప్పుడు అమానిత్వం, అదంభిత్వం మొదటి రెండు స్థానాల్లో నిలిచాయి. చీకటి మెట్లకూ వెలుగు మెట్లకూ మొదట్లోనే దంభం ప్రస్తావన రావడం యాదృచ్ఛికం కాదు. క్రోధం వచ్చినవాడు తనకు కోపం వచ్చిందని ఎప్పటికైనా తెలుసుకుంటాడు. దంభంలో ఉన్నవాడు తాను ధర్మంలోనే ఉన్నానని నమ్ముతాడు, కనుక దిద్దుకునే అవసరమే అతనికి కనిపించదు. పదిహేడో అధ్యాయం సత్కారం కోసం, మన్నన కోసం, పూజలందుకోవడం కోసం చేసే తపస్సును రాజసమంది, అది నిలకడలేనిదని కూడా చెప్పింది. పక్షులు పొగడగానే వ్రతం ఫలించిందనుకున్న పిల్లికి ఈ మాట అచ్చంగా సరిపోతుంది.

మనుస్మృతి నాలుగో అధ్యాయం పిల్లి వ్రతం పట్టినవాడికి మంచినీళ్ళు కూడా ఇవ్వొద్దన్నంత కఠినంగా మాట్లాడింది. ఆ కాఠిన్యానికి కారణం ఉంది. మామూలు దొంగ సొమ్ము పోగొడతాడు, ధర్మవేషం వేసిన దొంగ నమ్మకాన్నే పోగొడతాడు. రేపు నిజమైన సాధువు వచ్చినా జనం తలుపు వేసుకుంటారు. పైగా పిల్లి పెద్దరికం అడిగి తీసుకోలేదు. వద్దు వద్దంటూనే పుచ్చుకుంది. పదవుల మీద నాకు ఆశ లేదు, ప్రజలు కోరారు కాబట్టి ఒప్పుకున్నాను అనే మాట వేదికల మీద మనం ఎన్నిసార్లు వినలేదు!

మన కాలంలో ఈ కథ హర్యానాలో మళ్ళీ జరిగింది. సిర్సాలోని డేరా సచ్చా సౌదా అధిపతి గుర్మీత్ రామ్ రహీమ్ సింగ్ తమపై అత్యాచారం చేస్తున్నాడని 2002లో ఒక సాధ్వి పేరు లేని ఉత్తరంలో ప్రధానమంత్రికి మొరపెట్టుకుంది. ఆ ఉత్తరాన్ని తన ‘పూరా సచ్’ పత్రికలో అచ్చువేసిన సంపాదకుడు రామచందర్ ఛత్రపతి మీద అదే ఏడాది అక్టోబరులో కాల్పులు జరిగాయి. నవంబరులో ఆయన చనిపోయాడు. 2017 ఆగస్టులో పంచ్‌కులలోని సీబీఐ కోర్టు గురువును అత్యాచారం కేసులో దోషిగా తేల్చింది. ఉత్తరం నుంచి తీర్పు దాకా 15 ఏళ్ళు పట్టింది. తీర్పు వెలువడిన రోజు అనుచరులు అల్లర్లకు దిగారు, 30 మందికి పైగా ప్రాణాలు పోయాయి. భారతంలోని ఎలుకలు రుజువు చూడగానే పారిపోయాయి. ఇక్కడ రుజువు చూపినవాళ్ళ మీదనే కోపం వచ్చింది. ఏ మతంలోనైనా, ఏ పార్టీలోనైనా ఈ కోపమే దొంగ తపస్సుకు పెట్టని కోట.

ఇంతవరకూ పిల్లి బయట ఉంది. అంతరార్థం వెతికితే అది మన లోపలే ఉంది. పిల్లి అహంకారం. పక్షులు లోకం మెప్పు. ఎలుకలు మనలోని చిన్న చిన్న సద్గుణాలు: జాలి, సిగ్గు, తప్పు ఒప్పుకునే గుణం. అవి బలహీనమైనవి కనుక ఆసరా వెతుక్కుంటాయి. నేను మంచివాణ్ణి, నేను నిష్ఠాపరుణ్ణి అనే భావన వాటికి మేనమామలా కనిపిస్తుంది. మేనమామ అంటే తల్లి వైపు చుట్టం, అనుమానించడానికి మనసు రాదు. ఆ భావన బలిసేకొద్దీ జాలి తరుగుతుంది, సిగ్గు తరుగుతుంది. డిండికుడు ఒంటరిగా పరీక్షకు దిగిన తెలివి. నా లోపాలు నేనే చూసుకోగలను అని బయలుదేరిన ఆత్మపరీక్షను కూడా అహంకారం మింగేస్తుంది. ఆత్మవిమర్శ చేసుకోగల గొప్పవాణ్ణి అనే కొత్త గర్వంగా దాన్ని జీర్ణం చేసుకుంటుంది. అందుకే ముసలి ఎలుక నలుగురిలో మాట్లాడింది. సత్సంగం అవసరం అక్కడే తెలుస్తుంది.

ఆ ముసలి ఎలుక చూసింది వ్రతాన్ని కాదు, వ్రతం వెనక మిగిలినదాన్ని. మనకూ అదే కొలమానం. ఉపవాసం ఉన్న రోజు ఇంట్లో పనిమనిషితో ఎలా మాట్లాడాం? అన్నదానానికి చందా ఇచ్చాక శిలాఫలకం మీద మన పేరు కోసం వెతికామా? తీర్థయాత్ర నుంచి వచ్చాక వెళ్ళని వాళ్ళను చూసే చూపు మారిందా? దీక్షామాల తీసేశాక మిగిలినదేమిటి? ఇవి మిగిలిన వెంట్రుకలు. వీటిని దాచడం ఎవరివల్లా కాదు.

ఇప్పుడు మొదటి సందేహానికి వద్దాం. దుర్యోధనుడికి కథ బాగా తెలుసు. లక్క ఇల్లు కట్టించినవాడు, మాయజూదం ఆడించినవాడు ఆ కథను పొల్లుపోకుండా చెప్పగలిగాడు. కానీ అది ఎదుటివాడి మీద విసిరే రాయిగానే అతనికి పనికొచ్చింది, తన ముఖం అందులో కనిపించలేదు. దంభాన్ని నిందించడం కూడా దంభానికి ఒక వేషం కాగలదని వ్యాసుడు అలా చూపించాడు. ఇతరుల కపటాన్ని ఎండగట్టడమే వృత్తిగా పెట్టుకున్నవారు గుర్తుంచుకోవలసిన విషయమిది.

అంతమాత్రాన వ్యాసుడు ధర్మరాజునూ విడిచిపెట్టలేదు. ద్రోణపర్వంలో అశ్వత్థామ విషయంలో అతను అర్ధసత్యం పలికాడు. అప్పటిదాకా నేలకు నాలుగంగుళాలు పైన నడిచిన అతని రథం ఆ క్షణంలో నేలను తాకింది. స్వర్గారోహణ వేళ అందుకే అతనికి నరకదర్శనం తప్పలేదు. తన నాయకుడి తప్పును దాచకుండా లెక్క రాసిపెట్టింది కనుకనే ధర్మం గురించి మాట్లాడే అర్హత భారతానికి దక్కింది. వ్యక్తికైనా, మఠానికైనా, పార్టీకైనా ఆ అర్హత వచ్చే దారి అదొక్కటే.

కాబట్టి మనం మామ స్థానంలో కూర్చోబెట్టిన ప్రతివారి గురించీ ముసలి ఎలుక ప్రశ్న అడగాలి: ఎవరు పెరుగుతున్నారు, ఎవరు తరుగుతున్నారు? అడిగినవాళ్ళు ఏమయ్యారు? అయితే ఆ ప్రశ్నను మొదట మన పూజగదిలో, మన మీదే వేసుకుందాం. అలా వేసుకోనివారు ఎంత గొప్పగా చెప్పినా, చెప్పేది దుర్యోధనుడి కథే.